పొగ మనిషిదా, చోటుదా?

పోయిన నెల ఒక ఆదివారం స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో ఉంటున్న చెల్లి ఫోన్ చేసింది. ఎప్పుడూ వీడియో కాల్ చేసే మనిషి, ఆ రోజు మామూలు కాల్ చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక అసలు సంగతి బయటపెట్టింది. "అక్కా, మేం దేశం వదిలి రావడం తప్పంటావా?"

ఏం జరిగిందని అడిగాను. ఆఫీసులో భోజనాల దగ్గర వాతావరణ మార్పు మీద మాటలు నడిచాయట. తనతో చనువుగా ఉండే సహోద్యోగి ఒకతను అన్నాడట: "పేద దేశాల నుంచి ఇక్కడికి జనం వస్తున్నంత కాలం మనం పెట్టుకున్న లక్ష్యాలు అందుకోలేం. అక్కడ ఏడాదికి రెండు టన్నుల కార్బన్‌తో బతికే మనిషి ఇక్కడికొచ్చి దానికి రెండు మూడింతలు వదులుతాడు. నిన్ను అనడం లేదు, లెక్క చెబుతున్నాను." అతను దురుసు మనిషి కాదు. మంచు పడుతున్నా సైకిల్ మీదే ఆఫీసుకొస్తాడు. విమానం ఎక్కి ఆరేళ్లయిందట. అందుకే ఆ మాట చెల్లికి గుచ్చుకుంది. నోటికొచ్చింది వాగే మనిషి అని ఉంటే పట్టించుకునేదే కాదు. ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదని చెప్పింది.

"అదేం లేదులే, పడుకో" అని సర్దిచెప్పాను. ఫోన్ పెట్టేశాక నాకే తృప్తిగా లేదు. లెక్క అన్నాడు కదా, లెక్కలోకి దిగకుండా ఓదారిస్తే ఎలా? ఈ నెల రోజులూ దొరికింది చదువుతూ, చెల్లి వాళ్ల ఇళ్లల్లో నేను కళ్లారా చూసింది గుర్తు చేసుకుంటూ ఒక అభిప్రాయానికి వచ్చాను. వలసను ఆపడం వాతావరణ విధానం కాదు, కాకూడదు. అయితే అలా అనడానికి ముందు మింగుడుపడని కొన్ని అంకెలు ఒప్పుకోవాలి.

ఆ తీసివేత

అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. శిలాజ ఇంధనాల వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్ అమెరికాలో మనిషికి ఏడాదికి సుమారు 14 టన్నులు. కెనడా, ఆస్ట్రేలియా కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. ప్రపంచ సగటు 5 టన్నుల లోపు. భారత్‌లో రెండు టన్నులకు కాస్త అటూఇటూ. బంగ్లాదేశ్‌లో ఒక టన్ను కూడా లేదు. రెండు టన్నుల చోటు నుంచి 14 టన్నుల చోటికి ఒక మనిషి మారితే పన్నెండు టన్నులు అదనం. బడిపిల్లలు కూడా చేసే తీసివేత ఇది.

దీన్నే ఒక వాదంగా మలిచినవాళ్లు ఉన్నారు. 2008లో అమెరికాలోని సెంటర్ ఫర్ ఇమ్మిగ్రేషన్ స్టడీస్ ఒక నివేదిక వేసింది. వలస వచ్చినవాళ్లు సొంత దేశంలో ఉంటే వదిలేదానికి నాలుగు రెట్లు అమెరికాలో వదులుతున్నారని అందులో లెక్కకట్టారు. వలసలు తగ్గించాలన్నది ఆ సంస్థ మొదటినుంచీ చెబుతున్న మాట. దాని మూలాలు 1979లో మొదలైన ఫెయిర్ అనే వలస వ్యతిరేక సంస్థలో ఉన్నాయి. ఫెయిర్‌ని స్థాపించిన జాన్ టాంటన్ ఒక కంటి డాక్టరు, అంతకుముందు సియెర్రా క్లబ్ అనే పెద్ద పర్యావరణ సంస్థలో జనాభా కమిటీ నడిపినవాడు. ఆ సియెర్రా క్లబ్ సభ్యులే 1998లో దీని మీద ఓట్లు వేసుకుని, వలసల విషయంలో తమ సంస్థ తటస్థంగా ఉండాలని తేల్చుకున్నారు. అంటే చెల్లి విన్నది కొత్త మాట కాదు. పర్యావరణ ఉద్యమం సొంత ఇంట్లో ఎప్పటినుంచో రగులుతున్న గొడవ.

చెప్పినవాళ్ల ఉద్దేశం మంచిది కాదు కాబట్టి లెక్క తప్పు అనడం నాకు నచ్చదు. లెక్కని లెక్కగానే చూడాలి. ఆ నివేదికలోనే ఇంకో అంకె ఉంది. వలస వచ్చిన సగటు మనిషి, అమెరికాలో పుట్టిన సగటు మనిషి కంటే 18 శాతం తక్కువ వదులుతాడట. మొదటి అంకె నాలుగు చోట్ల కనిపిస్తే ఈ రెండో అంకె ఒక్క చోట కూడా కనిపించదు. పోనీ తీసివేతే ప్రమాణం అనుకుందాం. ఆ దేశంలో కొత్తగా పుట్టిన ప్రతి బిడ్డా సున్నా నుంచి 14 టన్నులకు ఎదుగుతుంది. ప్రసూతి వార్డు ముందు నిలబడి ఈ మాట అనేవాళ్లు ఎవరైనా ఉన్నారా? సరిహద్దు దగ్గర మాత్రం నిలబడి అంటారు.

చెల్లి ఉన్న రెండు ఇళ్లు

చెల్లి వాళ్లు మొదట వెళ్లింది అమెరికాకి. ఒక వేసవిలో నేను రెండు నెలలు ఆ ఇంట్లో ఉన్నాను. ఊరికి దూరంగా శివారు కాలనీ. ఉన్నది నలుగురు, ఇల్లు మాత్రం ఎనిమిది మందికి సరిపోయేంత. అంత ఇల్లు వాళ్లకి అక్కర్లేదు. కానీ ఆ చుట్టుపక్కల అంతకంటే చిన్న ఇళ్లు లేవు, అపార్ట్‌మెంట్లు కట్టడానికి అనుమతి లేదు. పిల్లాడికి పెన్సిల్ కొనాలన్నా కారు తీయాల్సిందే. కాలనీ గేటు దగ్గర కాలిబాట ఆగిపోతుంది, దాని అవతల ఆరు వరసల రోడ్డు. బస్సు లేదు. అందుకని రెండు కార్లు.

వెళ్లిన వారానికి, ఉతికిన బట్టలు వెనక పెరట్లో తాడు కట్టి ఆరేశాను. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. రెండు గంటలు తిరక్కుండానే కాలనీ సంఘం నుంచి చెల్లికి మెయిల్ వచ్చింది, మా బట్టల ఫోటోతో సహా. బయటికి కనబడేలా బట్టలు ఆరేయకూడదు, మళ్లీ జరిగితే జరిమానా. చెల్లి నన్ను ఏమీ అనలేదు. తాడు విప్పి, సగం ఆరిన బట్టలు ఒళ్లో వేసుకుని లోపలికి తెచ్చి డ్రయ్యర్‌లో వేసింది. అది గంటసేపు గిర్రున తిరుగుతుంటే కిటికీలోంచి ఆ ఎండ చూస్తూ నిలబడ్డాను. అమెరికాలో ఇలాంటి నిబంధనలున్న కాలనీలు బోలెడు. కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేసి వాటిని చెల్లకుండా చేశాయి గానీ, అన్ని రాష్ట్రాలూ చేయలేదు. ఆ గంటసేపు కాలిన కరెంటు ఎవరి పద్దులో రాయాలి? తలసరి లెక్క ప్రకారం అది చెల్లి పద్దు. ఒక వలస మనిషి పెంచిన ఉద్గారం.

మూడేళ్ల కిందట మా మరిది ఉద్యోగం మారి వాళ్లు స్టాక్‌హోమ్ వెళ్లారు. పోయిన ఏడాది అక్కడికీ వెళ్లి వచ్చాను. మూడు గదుల ఫ్లాట్. కారు లేదు, అవసరమే రాలేదట. మెట్రో స్టేషన్‌కి నడిచి ఆరు నిమిషాలు. కిటికీల కింద రేడియేటర్లలో వేడి నీళ్లు తిరుగుతుంటాయి. ఆ వేడి ఊరంతటికీ కలిపి వేసిన గొట్టాల్లోంచి వస్తుంది. చెత్తా, కలప వ్యర్థాలూ కాల్చగా వచ్చిన వేడి, మురుగునీటి నుంచి హీట్ పంపులతో లాగిన వేడి. దేశంలో కరెంటు దాదాపుగా అంతా జలవిద్యుత్తు, అణువిద్యుత్తు, గాలిమరల నుంచే.

నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది మాత్రం ఆ అపార్ట్‌మెంటు నేలమాళిగలో ఉన్న ఉమ్మడి బట్టల గది. గోడకి ఒక బోర్డు ఉంటుంది, ఒక్కో ఇంటికి ఒక్కో చిన్న తాళం. మనకి కావలసిన తేదీ, గంటల దగ్గర తాళం తగిలించి వస్తే ఆ సమయం మనది. పక్కనే ఆరేసుకునే గది, అందులో గోడ నుంచి గోడకి వరసగా తాళ్లు. ఒక సాయంత్రం చెల్లీ నేనూ అక్కడ బట్టలు ఆరేస్తుంటే "ఇక్కడ ఫోటో తీసి పంపేవాళ్లు లేరక్కా" అని నవ్వింది.

మనుషులు వాళ్లే, చదువులు అవే, అలవాట్లు అవే. పొదుపు పాఠాలేవీ కొత్తగా నేర్చుకోలేదు. ఒక చోట ఎండ ఉన్నా యంత్రం తిప్పాల్సి వచ్చింది, ఇంకో చోట మంచు కురుస్తున్నా తాడు మీద ఆరింది. స్వీడన్ గడ్డ మీద వెలువడే కార్బన్ డయాక్సైడ్ మనిషికి నాలుగు టన్నుల లోపే. బయటి నుంచి కొన్న వస్తువుల పొగ కూడా కలిపితే దాదాపు రెట్టింపవుతుంది, ఆ సంగతి దాచను. అయినా అమెరికా ఇంటితో పోలిస్తే చాలా తక్కువ. అంటే ఆ సహోద్యోగి సూత్రం ప్రకారమే చూసినా, చెల్లి స్వీడన్‌కి రావడం వల్ల భూమి మీద పొగ తగ్గింది. చెల్లి ఎక్కడ పుట్టిందో అతనికి తెలుసు. ఎక్కడి నుంచి వచ్చిందో అడగలేదు.

ఎవరూ అడ్డుకోని వలస

ఇక్కడే నాకు ఈ వాదంలోని లొసుగు కనబడింది. పొగను బట్టే మనుషుల్ని ఆపాలంటే, ముందు ఆపాల్సిన వలసలు వేరే ఉన్నాయి. ఎడ్వర్డ్ గ్లేజర్, మాథ్యూ కాన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల్లో ఒకే ఆదాయం ఉన్న ఒకే రకం కుటుంబం ఏ నగరంలో ఉంటే ఎంత వదులుతుందో లెక్కకట్టారు. కాలిఫోర్నియా తీర నగరాలు అన్నిటికంటే తక్కువ, టెక్సస్, ఓక్లహోమా నగరాలు ఎక్కువ అని తేలింది. కాలిఫోర్నియా తీరంలో ఎండా చలీ రెండూ మితం, కరెంటులో బొగ్గు తక్కువ. కానీ అక్కడ కొత్త ఇళ్లు కట్టనివ్వకుండా బిగించిన నిబంధనల వల్ల జనం చవగ్గా ఇళ్లు దొరికే వేడి రాష్ట్రాలకు పోతున్నారని కూడా వాళ్లు చెప్పారు. ఈ మధ్య కొన్నేళ్లుగా కాలిఫోర్నియా నుంచి ఒక్క టెక్సస్‌కే ఏటా లక్ష మందికి అటూఇటూగా మారుతున్నారు. వాళ్లతో పాటు ఉద్గారాలూ పెరుగుతాయి. అయినా రాష్ట్ర సరిహద్దులో వాతావరణం పేరు చెప్పి వాళ్లని ఆపాలని ఎవరూ అనరు. ఎందుకంటే వాళ్ల దగ్గర అదే దేశపు పాస్‌పోర్టు ఉంది.

ఖతార్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. తలసరి ఉద్గారాల్లో ప్రపంచంలోనే మొదటి వరసలో ఉండే దేశం, మనిషికి 35 టన్నుల పైమాటే. అక్కడ ఉండేవాళ్లలో పదిమందికి ఎనిమిది మంది పైగా బయటి నుంచి పనికి వచ్చినవాళ్లు. ఇప్పుడు ఆ వచ్చినవాళ్లలో ఒక కట్టడం కూలీని ఊహించుకోండి. ఒక గదిలో ఎనిమిది మంది, ఒకదాని మీద ఒకటి మంచాలు. మంచం కింద ఒక పెట్టె, అందులో అతని ఆస్తి అంతా. పొద్దున్నే కంపెనీ బస్సు, రాత్రికి అదే బస్సు. తలసరి లెక్క ఆ మంచం మీద పడుకున్న మనిషి నెత్తిన కూడా 35 టన్నులు పెడుతుంది. ఆ పొగలో ఎక్కువ భాగం సహజ వాయువును గడ్డకట్టేంత చలికి దించి ద్రవంగా మార్చి ఓడలకెక్కించే ప్లాంట్ల నుంచి, సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే యంత్రాల నుంచి, పెద్ద భవనాల ఏసీల నుంచి వస్తుంది. అతను రేపు ఇంటికి వెళ్లిపోతే ప్లాంటు ఆగదు. పైగా తలలు తగ్గి తలసరి ఇంకా పెరుగుతుంది.

లక్ష్యాల పట్టికలో

"సరే, కానీ దేశాల లక్ష్యాలు తలసరి మీద కాదు కదా, మొత్తం మీద కదా" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. పారిస్ ఒప్పందం కింద కెనడా 2030 నాటికి తన ఉద్గారాలను 2005 కంటే 40 నుంచి 45 శాతం తగ్గిస్తానంది. 2005లో ఆ దేశ జనాభా 3.2 కోట్లు, గ్రీన్‌హౌస్ వాయువులన్నీ కలిపి సుమారు 76 కోట్ల టన్నులు. 2023కి జనాభా 4 కోట్లు దాటింది, అందులో ఎక్కువ భాగం వలసల వల్ల. ఉద్గారాలు 69 కోట్ల టన్నుల దగ్గర ఉన్నాయి. మనిషికి చూస్తే నాలుగో వంతు తగ్గింది, మొత్తంగా చూస్తే పది శాతం కూడా తగ్గలేదు. జనం రాకపోయి ఉంటే లక్ష్యం ఇంకాస్త దగ్గరగా ఉండేదన్నది కాదనలేం.

అయితే ఆ 69 కోట్లను విప్పి చూడాలి. దాదాపు మూడో వంతు చమురు, గ్యాస్ తవ్వకాలది. 2005 తర్వాత చమురు ఇసుకల నుంచి, అంటే తారులాంటి చమురు కలిసిన ఇసుక నుంచి చమురు తీసే పని వల్ల, వచ్చే ఉద్గారాలు రెట్టింపు దాటాయి. ఆ చమురులో ఎక్కువ భాగం ఎగుమతికి పోయేదే. ఏ వలస మనిషీ తన సంచిలో చమురు ఇసుక తెచ్చుకోలేదు. మిగతాదాంట్లో ఇళ్లకి వేడి, కార్లు పెద్ద పద్దులు. వచ్చినవాళ్లకి ఇళ్లు ఎక్కడ కడుతున్నారు, బస్సు తిరిగే వీధిలోనా, కారు లేకపోతే కదల్లేని శివారులోనా? అసలు ప్రశ్న ఇది. ఒకసారి కట్టిన ఇల్లు యాభై ఏళ్లు నిలబడుతుంది. 2024 అక్టోబర్‌లో కెనడా వలసల సంఖ్య తగ్గిస్తున్నట్టు ప్రకటించినప్పుడు చెప్పిన కారణం కూడా ఇళ్లే.

ఇప్పుడు స్వీడన్ వైపు చూడండి. 1990 నుంచి ఇప్పటికి జనాభా 86 లక్షల నుంచి సుమారు 1.06 కోట్లకు పెరిగింది. ఐదుగురిలో ఒకరు బయట పుట్టినవాళ్లు. అదే కాలంలో దేశం లోపలి ఉద్గారాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. 1991లోనే కర్బనం మీద పన్ను వేశారు, ఇళ్లకి ఉమ్మడి వేడి గొట్టాలు విస్తరించారు. బ్రిటన్ ఇంకా పెద్ద ఉదాహరణ. జనాభా కోటికి పైగా పెరిగింది, ఉద్గారాలు సగానికి పడిపోయాయి. 2024 సెప్టెంబర్ 30న వాళ్ల చివరి బొగ్గు కరెంటు కేంద్రం మూతపడింది. ఫ్యాక్టరీలు బయటి దేశాలకు తరలిపోవడం వల్ల కొంత తగ్గిందన్న మాట నిజమే, కానీ బొగ్గు ఆపడం వల్ల తగ్గినదే ఎక్కువ. బొగ్గు కేంద్రం మూస్తే వచ్చే లాభం, ఆ కరెంటు వాడే మనిషి ఏ దేశంలో పుట్టాడో చూసి మారదు.

నిద్రపట్టనివ్వని రెండు సందేహాలు

ఇంత రాశాక కూడా నన్ను రెండు విషయాలు వదలడం లేదు.

మొదటిది కాలం. అమెరికా కరెంటు, కార్లు, ఇళ్లు ఎప్పటికో శుభ్రపడతాయి, అప్పుడు ఎవరు ఎక్కడున్నా ఒకటే. కానీ ఈ ఇరవై ఏళ్లలో వచ్చినవాళ్లు ఇప్పటి యంత్రాల్నే వాడతారు, ఇప్పటి పొగే వదులుతారు. గాలిలోకి పోయిన కార్బన్ వందల ఏళ్లు ఉంటుంది. ఇది ఎంత పెద్దదో చూద్దామని కాగితం తీసుకుని కావాలనే అతిగా ఒక లెక్క వేశాను. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2024 నాటికి తాము పుట్టిన దేశం బయట ఉంటున్నవాళ్లు 30.4 కోట్లు. వాళ్లలో చాలామంది ఒక పేద దేశం నుంచి పక్క పేద దేశానికి వెళ్లినవాళ్లు. శరణార్థుల్లో అయితే నలుగురిలో ముగ్గురు దాకా పేద, మధ్య ఆదాయ దేశాల్లోనే తలదాచుకుంటున్నారు. అదంతా పక్కనపెట్టి, ప్రతి ఒక్కరూ ఏటా అయిదు టన్నులు అదనంగా వదులుతున్నారనే అనుకున్నాను. 150 కోట్ల టన్నులు వచ్చింది. ప్రపంచం ఏటా శిలాజ ఇంధనాలతో వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులు. అంటే ఎంత సాగదీసినా నూటికి నాలుగు. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కలో ఒక్క ఎస్‌యూవీ కార్లే ఏటా 100 కోట్ల టన్నులు వదులుతున్నాయి. చిన్నదని తీసిపారేయను. కానీ ముప్పై కోట్ల మంది బతుకుల్ని కదిలించకుండా తగ్గించగల టన్నులు ఇంకా బోలెడున్నాయి.

రెండో సందేహం ఇంకా లోతుగా గుచ్చుతుంది. ఆ తీసివేతలో దాగి ఉన్న ఊహ ఏమిటంటే, రాని మనిషి ఎప్పటికీ రెండు టన్నుల దగ్గరే ఉండిపోతాడని. చైనాని చూడండి. 2000లో మనిషికి మూడు టన్నుల లోపు, ఇప్పుడు ఎనిమిది దాటింది. వాళ్లు దేశం దాటలేదు. పొలం పనులు వదిలి, సొంత ఊరి దగ్గరో దూరపు పట్టణాల్లోనో వేరే పనుల్లోకి వెళ్లిన గ్రామీణ కార్మికులు చైనాలోనే 29 కోట్లకు పైగా ఉన్నారు, ఇంచుమించు ప్రపంచంలోని అంతర్జాతీయ వలసదారులందరికీ సమానం. బాగుపడాలనుకున్న మనిషి సరిహద్దు దాటి బాగుపడతాడు, లేదా సరిహద్దు లోపలే బాగుపడతాడు. రెండు టన్నుల్ని మెచ్చుకునేవాళ్లు, అందులో ఎంత భాగం కరెంటు లేని రాత్రుల వల్ల, ఎంత భాగం వేడి నీళ్లు లేని చలి వల్ల మిగిలిందో అడగాలి. ఒక వాతావరణ లక్ష్యం నెరవేరాలంటే కొందరు పేదగానే ఉండాలని తేలితే, ఆ లక్ష్యాన్ని నేను ఒప్పుకోను. నా చెల్లి అని కాదు, అది ఎవరి చెల్లి అయినా.

ఇంకో వైపు నుంచి వస్తున్న జనం సంగతీ ఉంది. 2024లో తుఫాన్లు, వరదలు, ఇంకా ఇతర విపత్తుల వల్ల సొంత దేశాల్లోనే ఇళ్లు వదలాల్సి వచ్చిన సందర్భాలు 4.58 కోట్లు. తువాలు అనే పసిఫిక్ ద్వీప దేశంలో ఉండేది పది పదకొండు వేల మంది. సముద్రం పెరిగి ఆ నేల మునుగుతోంది. ఆస్ట్రేలియాతో వాళ్లు చేసుకున్న ఫలెపిలి ఒప్పందం 2024లో అమల్లోకి వచ్చింది, దాని కింద ఏటా 280 మంది అక్కడికి వెళ్లి స్థిరపడొచ్చు. 2025లో మొదటిసారి లాటరీకి పేర్లు అడిగితే కుటుంబాలతో కలిపి దేశంలో సగానికి పైగా జనం నమోదు చేసుకున్నారు. ప్రపంచపు పొగలో లెక్కకు కూడా రానంత వాటా వాళ్లది. వెళ్తున్నదేమో తలసరి 14 టన్నుల దేశానికి, బొగ్గు అమ్మే దేశానికి. వాళ్ల ముఖం మీద "మీరొస్తే మా ఉద్గారాలు పెరుగుతాయి" అని అనగలమా? నేననలేను.

విమానం

అయితే ఒక్క పద్దు ఉంది, దాన్ని చోటు మీదికి నెట్టలేను. అది వలసదే. అమ్మని చూడడానికి ఎక్కే విమానం.

చెల్లి వాళ్లు అమెరికాలో ఉన్నప్పుడు ఏటా వచ్చేవాళ్లు. అంత దూరం నుంచి రానుపోను ఎకానమీ సీట్లో ఒక్కో మనిషికి సుమారు రెండు టన్నులు. నలుగురికి ఎనిమిది. అమెరికాలో ఒక సగటు కారు ఏడాదంతా తిరిగితే వదిలేది నాలుగున్నర టన్నుల పైన. అంటే వాళ్ల రెండు కార్లు ఏడాది పొడవునా వదిలేదానికి దగ్గర దగ్గరగా, ఒక్క ప్రయాణంలో. మూడు వారాల సెలవు కోసం. ఆ పొగ ఏ దేశం లక్ష్యంలోనూ లేదు. అంతర్జాతీయ విమానాల ఇంధనాన్ని దేశాల మొత్తంలో కలపకుండా విడిగా చూపించడం ఐక్యరాజ్యసమితి లెక్కల పద్ధతి. ఎక్కిన దేశానిదీ కాదు, దిగిన దేశానిదీ కాదు.

ప్రపంచంలో ఏ ఏడాది చూసినా విమానం ఎక్కేవాళ్లే తక్కువ. తరచూ ఎగిరే ఒక్క శాతం జనమే ప్రయాణికుల విమానాల పొగలో సగానికి కారణమని ఒక అధ్యయనం చెప్పింది. ఏడాదికోసారి అమ్మ దగ్గరికి వెళ్లే కుటుంబం వాళ్లతో సమానం కాదు. ఇది తెలిసినా ఎనిమిది టన్నులు ఎనిమిది టన్నులే. విమానం ఎక్కినందుకు సిగ్గుపడడానికి స్వీడిష్‌లో ఒక మాటే ఉంది, ఫ్లీగ్‌స్కామ్. మా అమ్మకి డెబ్బై నాలుగేళ్లు. ఆమెని చూడడానికి రావడానికి సిగ్గుపడమని నేను చెల్లికి చెప్పలేను.

కానీ ఎన్నిసార్లు రావాలన్నది, ఎన్నాళ్లు ఉండాలన్నది ప్రేమ ఒక్కటే తేల్చే విషయం కాదు. సెలవుల నియమాలు, వీసా నియమాలు తేలుస్తాయి. మూడు వారాలకి మించి సెలవు దొరకదు కాబట్టి ఏటా పరిగెత్తుకుంటూ రావాలి. కన్నవాళ్లు పిల్లల దగ్గరికి వెళ్తే ఇన్ని నెలలకి మించి ఉండకూడదు కాబట్టి తిరుగు విమానం ఎక్కాలి. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలు ఉండే వీలుంటే టన్నులు సగమవుతాయి, అమ్మతో గడిపే రోజులు పెరుగుతాయి. వలస మీద, వాతావరణం మీద ఇంత మాట్లాడే ప్రభుత్వాలు ఈ చిన్న మార్పుని ఎందుకు పట్టించుకోవో నాకు బాధగా ఉంటుంది.

ఇవన్నీ ముక్కలు ముక్కలుగా ఫోన్లో చెల్లికి చెప్పాను. అది కొన్ని ఆ సహోద్యోగికి చెప్పిందట. అమెరికాలో బట్టలు ఆరేసినందుకు మెయిల్ వచ్చిన సంగతి విని అతను నమ్మలేదట, పాత మెయిల్ వెతికి ఫోటో చూపించాల్సి వచ్చింది. ఖతార్ సంగతికి చాలాసేపు మాట్లాడకుండా ఉన్నాడట. విమానాల విషయం మాత్రం వదల్లేదు. అందులో అతన్ని తప్పుపట్టలేను.

నిన్న చెల్లి మళ్లీ ఫోన్ చేసింది, ఈసారి వీడియో కాల్. వెనక కిటికీ మీద మంచు. ఈ ఏడాది రావడం మానేసి, వచ్చే ఏడాది రెండు నెలలు వచ్చేలా ఆఫీసులో అడిగిందట. నాలుగు వారాలు సెలవు, ఇంకో నాలుగు వారాలు అమ్మ ఇంటి నుంచే పని. మేనేజరు పైవాళ్లని కనుక్కుని చెప్తానన్నాడట. అమ్మకి ఇంకా చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది, కాదంటే ఆవిడ బాధపడుతుందని.